మాత్రలా, అయోడిన్ మందా, ఆపరేషనా?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. చిత్తూరులో ఇంట్లోనే జాకెట్లు కుడతాను. కొన్నాళ్లుగా చేతులు వణికి సూదిలో దారం ఎక్కించలేకపోతున్నా. ఊరికే గుండెదడ. రెండు ముద్దలు సంగటి తిన్నా బరువు తగ్గిపోతా ఉన్నా. థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను నడిపించే హార్మోన్) 0.01 కంటే తక్కువ, థైరాయిడ్ హార్మోన్లు టీ3, టీ4 ఎక్కువ. గ్రేవ్స్ జబ్బని, అంటే థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేస్తోందని చెప్పి నియోమెర్కజోల్ మాత్రలు రాసిచ్చినారు. దాంతో కుదరకుంటే అయోడిన్ మందు, లేదంటే ఆపరేషన్ అంటున్నారు. పక్కింటక్క ‘నాదీ థైరాయిడ్ మాత్రే, ఇదే వేసుకో’ అంటోంది. పాపకు రెండేళ్లు. ఇంకో బిడ్డ కావాలని మా అత్తకు ఆశ. ఏది మేలు డాక్టరమ్మా?

జవాబు: ముందు ఆ పక్కింటక్క మాత్ర ముట్టుకోవద్దు తల్లీ. ఆమెకు థైరాయిడ్ తక్కువైతే మీకు ఎక్కువ. ఆమె మింగేది మీ ఒంట్లో ఇప్పటికే పొంగిపొర్లుతున్న హార్మోన్‌నే.

మీకైతే నా ఓటు మాత్రలకే. అవి కొత్త హార్మోన్ తయారీని ఆపుతాయి గానీ, గ్రంథిలో నిల్వ ఉన్నది ఖర్చు కావాలి కదా! అందుకే గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈలోగా దడకు, వణుకుకు ప్రొప్రనలాల్ అడగండి, ఉబ్బసం ఉంటే మాత్రం ముందే చెప్పండి. కోర్సు 12 నుంచి 18 నెలలు. ఆపాక సుమారు సగంమందికి జబ్బు తిరగబెడుతుంది, దాచడమెందుకు?

ఒక్క జాగ్రత్త. జ్వరం, గొంతునొప్పి, నోటిపూత వస్తే మాత్ర ఆపి, ఆ రోజే తెల్లకణాల పరీక్ష చేయించండి. అరుదుగా ఈ మందు ఆ కణాలను పడగొడుతుంది. మెడికల్ షాపులో జలుబు మాత్ర కొని సరిపెట్టుకోవద్దు.

అయోడిన్ మందు అంటే రేడియేషనే, కానీ ఎక్కువభాగం థైరాయిడ్‌కే చేరుతుంది. తిరుపతి స్విమ్స్‌లో న్యూక్లియర్ మెడిసిన్ విభాగం ఉంది. తర్వాత చాలామందికి థైరాయిడ్ తగ్గిపోయి జీవితాంతం థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్ మాత్ర) వేసుకోవాల్సి వస్తుంది. అది వికటించడం కాదు, చాలాసార్లు డాక్టర్లు కోరుకునేదే. అయితే కొన్నాళ్లు పాపను పక్కలో పడుకోబెట్టుకోకూడదు, కనీసం ఆరు నెలలు గర్భం కూడదు. కళ్లు ఉబ్బి ఉంటే ఇంకా ముదరవచ్చు.

గొంతు దగ్గర వాపు పెద్దదైతే ఆపరేషన్ మంచిది. గొంతు నరం దెబ్బతినే, ఒంట్లో కాల్షియం పడిపోయే ప్రమాదం కాస్త ఉంది కాబట్టి ఇవి తరచూ చేసే సర్జన్‌నే చూసుకోండి.

ఇక మీ అత్తగారి ఆశ. నియోమెర్కజోల్ వేసుకుంటుండగా గర్భం వస్తే తొలి నెలల్లో బిడ్డకు అవయవలోపాలు రావచ్చు. నా పేరు చెప్పి ఆగమనండి. నెల తప్పితే వెంటనే డాక్టరుకు చెబితే వేరే మందుకు మారుస్తారు.

నెలా నెలన్నరకు మళ్లీ పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ అట్లే ఉందని దిగులుపడొద్దు. అది పెరగడానికి నెలలు పడుతుంది. మొదట్లో చూడాల్సింది టీ3, టీ4లే.