డూలిన్‌లో పెద్దవాళ్లతో రెండు రాత్రులు: బీ అండ్ బీ ఎలా చూసుకోవాలి

సెప్టెంబరు మొదటి వారంలో అమ్మగారు, నాన్నగారితో ఐర్లండ్ పడమటి తీరంలోని డూలిన్‌లో రెండు రాత్రులు ఉండాలనుకుంటున్నాం, కారు లేదు, నాన్నగారు శాకాహారి, అమ్మగారికి మోకాళ్ల నొప్పి, సైట్‌లో చూస్తే బీ అండ్ బీలన్నీ (గదితో పాటు పొద్దున టిఫిను పెట్టే ఇళ్లు) ఒకేలా కనిపిస్తున్నాయి, ఏది తీసుకోవాలి అని అడిగారు కదా. మేము డబ్లిన్‌లో ఉంటాం. డూలిన్‌కి పెద్దవాళ్లతోనే రెండుసార్లు వెళ్లాం. 2022 జూన్‌లో మా అమ్మానాన్నలతో, 2023 సెప్టెంబరులో అత్తయ్య, మామయ్యలతో. గది రెండుసార్లూ బాగానే ఉంది. కానీ మొదటిసారి మా నాన్న పబ్బుల్లో వినిపించే ఏ ఐరిష్ పాటల కోసం అంత దూరం వచ్చారో అవి వినకుండానే వెనక్కి వచ్చేశాం. ఇల్లు ఎక్కడుందో నేను సరిగ్గా చూసుకోకపోవడం వల్లే అలా జరిగింది. అందుకే ముందు ఆ సంగతి చెబుతాను.

డూలిన్ అంటే ఒకే బజారు చుట్టూ ఉన్న ఊరు అనుకోకండి. క్లేర్ కౌంటీలో, అట్లాంటిక్ ఒడ్డున, విడివిడి ముక్కలుగా ఉంటుంది. సముద్రం వైపు ఫిషర్ స్ట్రీట్. రంగురంగుల చిన్న దుకాణాల వరుస, 1832 నుంచి ఉన్న గస్ ఓ'కానర్స్ పబ్ అక్కడే. దానికి సుమారు కిలోమీటరు లోపలికి రోడ్‌ఫర్డ్. మెక్‌గాన్స్, మెక్‌డర్మట్స్ అనే మరో రెండు పాటల పబ్బులు అక్కడ, ఎయిల్ నది వంతెన దగ్గర ఉంటాయి. ఫిషర్ స్ట్రీట్ నుంచి ఇంకోవైపు కిలోమీటరు పైన నడిస్తే పడవలు బయల్దేరే రేవు. ఇక చుట్టూ పొలాలు, రాళ్లు పేర్చి కట్టిన గోడలు, మధ్యమధ్య ఒక్కో ఇల్లు. ఆ ఇళ్లలో చాలావాటికి నంబరు కూడా ఉండదు, ఆ ప్రాంతం పేరే చిరునామా. కాబట్టి నాలుగైదు కిలోమీటర్ల అవతల ఉన్న ఇల్లు కూడా సైట్‌లో 'డూలిన్' అనే కనిపిస్తుంది.

మేము మొదటిసారి తీసుకున్నది అలాంటి ఇల్లే. కిటికీలోంచి సముద్రం కనిపించే ఫొటో చూసి బుక్ చేసేశాను. గాల్వే నుంచి 350 నంబరు బస్సులో వచ్చి సాయంత్రం ఐదింటికి దిగాం. ఫోన్‌లో దారి చూస్తే ఇంటికి ఇంకా ఐదు కిలోమీటర్లు ఉంది, అందులో సగం ఎత్తెక్కే రోడ్డు. డబ్లిన్‌లో ఆప్‌లో పిలిస్తే వచ్చినట్టు అక్కడ ట్యాక్సీ రాదు. ఉన్న ఒకటి రెండూ ముందే ఎవరో మాట్లాడుకుని ఉంటారు. చివరికి ఆ ఇంటావిడే తన కారు వేసుకుని వచ్చి మమ్మల్ని, రెండు పెద్ద సూట్‌కేసుల్నీ తీసుకెళ్లింది. ఆవిడ మంచితనాన్ని ఇప్పటికీ తలుచుకుంటాం. కానీ రాత్రి మళ్లీ ఊళ్లోకి దింపి, పదకొండింటికి వెనక్కి తీసుకురమ్మని ఎలా అడుగుతాం? పబ్బుల్లో పాటలు మామూలుగా తొమ్మిదిన్నర ప్రాంతంలో గానీ మొదలు కావు. ఆ రెండు రాత్రులూ మా నాన్న కిటికీ దగ్గర కూర్చుని సముద్రం చూశారు. జూన్‌లో అక్కడ రాత్రి పది దాకా వెలుగు ఉంటుంది కాబట్టి చూడటానికైతే బాగుంది. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. నాకే చాలా బాధేసింది.

అందుకే మీరు ఏ ఇల్లు చూసినా ముందు దాని ఎయిర్‌కోడ్ అడగండి. ఐర్లండ్‌లో 2015 నుంచి ప్రతి ఇంటికీ విడిగా అక్షరాలు, అంకెలు కలిపి ఏడు ఉండే కోడ్ ఉంది. మన పిన్‌కోడ్‌లా ఊరంతటికీ ఒకటి కాదు. అది మ్యాప్‌లో కొట్టి మెక్‌డర్మట్స్‌కి, ఓ'కానర్స్‌కి నడిచే దూరం ఎంతో చూడండి. పది పన్నెండు నిమిషాలు మించితే, కారు లేని మీకు, మోకాళ్ల నొప్పి ఉన్న అమ్మగారికి, ఎంత మంచి ఇల్లయినా వద్దనే అంటాను. సెప్టెంబరు మొదట్లో ఎనిమిదీ పావుకల్లా సూర్యాస్తమయం, తొమ్మిదికి చీకటి పడిపోతుంది. ఊరు దాటితే రోడ్డు సన్నం, వీధి దీపాలు ఉండవు, పక్కన నడవడానికి చోటు ఉండదు, గోడ ఆనుకునే కార్లు పోతుంటాయి. దగ్గర ఇల్లు తీసుకున్నా టార్చ్ లైటు వెంట ఉంచుకోండి. ఫిషర్ స్ట్రీట్, రోడ్‌ఫర్డ్ రెండిట్లో ఏది అంటే నేను రోడ్‌ఫర్డ్ వైపే చెబుతాను. రెండు పబ్బులు దగ్గర, పగలు జనం తక్కువ. రేవు మాత్రం దూరమవుతుంది, పొద్దున వెళ్లేటప్పుడు నడక కాస్త ఎక్కువ. పగటి వెలుగులో, తొందర లేకుండా అది పెద్ద కష్టం కాలేదు మా అత్తయ్యకు.

మ్యాప్ చూశాక రెండో పని ఫోన్ చేయడం. బీ అండ్ బీ అంటే చాలాచోట్ల ఒక కుటుంబం ఉండే ఇల్లు. గదులు నాలుగో ఐదో ఉంటాయి. హోటల్లా రిసెప్షన్ ఉండదు. సైట్‌లో రాయని సంగతులన్నీ ఇంటావిడ రెండు నిమిషాల్లో చెప్పేస్తుంది. రెండోసారి నేను మూడిళ్లకు ఫోన్ చేశాను. ఒకావిడ తన ఇంట్లో మెట్లు ఎన్నో, రెయిలింగ్ ఏ వైపు ఉందో కూడా చెప్పింది. ఆ ఇల్లే తీసుకున్నాం. మీరు ఎన్నింటికి వస్తారో కూడా అప్పుడే చెప్పండి. బస్సు పొద్దున్నే దింపేస్తే గది సిద్ధంగా ఉండకపోవచ్చు, సామాను మాత్రం పెట్టుకోనిస్తారు. ఇంటివాళ్లు షాపింగ్‌కో, చర్చికో వెళ్లినా మీరు వస్తామన్న వేళకు ఇంట్లో ఉంటారు, కాబట్టి ఆలస్యమైతే ఒక మెసేజ్ పెట్టండి. ఇల్లు ఫాల్చా ఐర్లండ్ గుర్తింపు పొందిందా అని కూడా అడగొచ్చు. అది అక్కడి ప్రభుత్వ టూరిజం సంస్థ, తనిఖీ చేసి షామ్రాక్ అనే మూడాకుల గుర్తున్న బోర్డు ఇస్తుంది. నేను దాన్ని చూస్తాను గానీ దాని ఒక్కదాని మీదే ఆధారపడను.

గది గురించి అడగాల్సింది ముఖ్యంగా స్నానాల గది. 'ఆన్ సూట్' అంటే గదికి ఆనుకుని సొంత బాత్రూమ్. కొన్ని పాత ఇళ్లలో కారిడార్‌లో ఉన్న బాత్రూమ్‌ని మరో గదివాళ్లతో పంచుకోవాలి. మన పెద్దవాళ్లు తెల్లవారుజామునే లేచి స్నానం చేస్తారు, ఆ వేళకు ఇల్లంతా నిద్రలో ఉంటుంది. కాబట్టి సొంతది ఉన్న గదే తీసుకోండి. షవర్ విడిగా ఉందా, టబ్ అంచు దాటి లోపలికి దిగి చేయాలా అనేది తప్పకుండా అడగండి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు ఆ అంచు చాలా ఎత్తు, పైగా జారుతుంది. బకెట్, మగ్గు ఉండవు. టాయిలెట్ కోసం ఒక ప్లాస్టిక్ మగ్గు మనమే తీసుకెళ్లాలి. షవర్ బయట, బాత్రూమ్ నేల మీద నీళ్లు పోవడానికి తూము ఉండదు, అమ్మానాన్నలకు ముందే చెప్పి ఉంచండి. ఇంకొకటి, చాలా ఇళ్లలో షవర్‌కి కరెంటు స్విచ్ పైకప్పు నుంచి వేలాడే తాడులా ఉంటుంది. అది లాగితే ఎర్ర దీపం వెలుగుతుంది, అప్పుడే వేడి నీళ్లు వస్తాయి. మా నాన్నకు ఎవరూ చెప్పక, అట్లాంటిక్ గాలి వీస్తున్న ఆ పొద్దున చన్నీళ్ల స్నానం చేసి వచ్చారు.

మేడ మీద గది అయితే సముద్రం కనిపిస్తుంది, కింద గది అయితే మెట్లు ఉండవు. అమ్మగారి కోసం కింద గదే అడగండి, సముద్రం బయటికి వెళ్తే ఎటు చూసినా ఉంటుంది.

ఇక తిండి. ఐరిష్ బ్రేక్‌ఫాస్ట్ పెద్ద ప్లేటు నిండా వస్తుంది: రాషర్లు అనే పంది మాంసం ముక్కలు, సాసేజీలు, గుడ్లు, వేయించిన టమాటాలు, పుట్టగొడుగులు, బీన్స్, బ్లాక్ పుడ్డింగ్, వైట్ పుడ్డింగ్. పుడ్డింగ్ అనగానే తీపి వంటకమని మా అమ్మ చెయ్యి చాపింది. బ్లాక్ పుడ్డింగ్ పంది రక్తంతో చేసేది. వైట్ పుడ్డింగ్‌లో రక్తం ఉండదు గానీ పంది మాంసం, కొవ్వు ఉంటాయి. నాన్నగారి విషయంలో 'వెజిటేరియన్' అని ఒక్క మాట అని వదిలేస్తే సరిపోదు. రాషర్లు వేయించిన పెనం మీదే టమాటాలు, పుట్టగొడుగులు కూడా వేయిస్తారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు, మనకు అది ఎంత పట్టింపో వాళ్లకు తెలియదు. 'వేరే పెనం మీద, నూనెతో లేదా వెన్నతో చేయగలరా, గుడ్డు కూడా తినరు' అని బుక్ చేసేటప్పుడే అడగండి. రెండోసారి మేము అడిగితే ఆవిడ చిన్న పెనం విడిగా పెట్టి, మామయ్యకు టమాటాలు, పుట్టగొడుగులు, బంగాళాదుంప వేయించి ఇచ్చింది. రెండో రోజు పొద్దున ఓట్స్ జావ కాచి పైన తేనె వేసింది. ఇంట్లో చేసిన బ్రౌన్ సోడా బ్రెడ్ మాత్రం తప్పకుండా తినమనండి. పులియబెట్టే ఈస్టు లేకుండా మజ్జిగ, వంట సోడాతో చేస్తారు. అది వెచ్చగా ఉన్నప్పుడు వెన్న రాసి, పైన మా అత్తయ్య తెచ్చిన ఆవకాయ వేసుకుని తింటే మామయ్య మూడు ముక్కలు తిన్నారు. గదిలో టీకి కెటిల్ ఉంటుంది. రైస్ కుక్కర్, ఇండక్షన్ స్టవ్ మాత్రం తీసుకెళ్లకండి. వాళ్ల ఇంట్లో ఉంటున్నాం, గదిలో వంట చేయడం వాళ్లకు ఇబ్బంది. పొడులు, పచ్చడి, అటుకులు చాలు. రాత్రి భోజనం ఇంట్లో ఉండదు. పబ్బుల్లో వంటగది పాటలు మొదలయ్యేలోపే మూసేస్తారు, ఏడున్నరకే వెళ్లి తినేయండి.

ధర చూసేటప్పుడు ఒకటి గమనించండి. సొంత వెబ్‌సైట్ ఉన్న కొన్ని ఇళ్లు గదికి కాకుండా మనిషికి రేటు చెబుతాయి, అదీ ఇద్దరు ఒక గదిలో ఉంటే. 55 యూరోలు అని ఉంటే గదికి 110 అన్నమాట. 2023లో మేము ఇచ్చింది అదే. అమ్మానాన్నలకు ఒకటి, మీకు ఒకటి అనుకుంటే లెక్క అలా వేసుకోండి. వాళ్ల వీసా ఇంకా రాకపోతే డబ్బు వెనక్కి ఇచ్చే షరతు ఉన్న బుకింగే చేయండి.

పాటల సంగతి చెప్పాలి, ఎందుకంటే నేను దగ్గర ఇల్లు అని ఇంతగా అంటున్నది అందుకే. మామయ్య ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ రేడియోలో వింటూ పెరిగిన మనిషి. పబ్ అనగానే 'బారులోకి నేనెందుకమ్మా' అన్నారు. ఐదు నిమిషాల నడకే కదా, నచ్చకపోతే వచ్చేద్దాం అని తీసుకెళ్లాం. మూలన ఒక బల్ల చుట్టూ నలుగురు కూర్చుని వాయిస్తున్నారు. వేదిక లేదు, మైకు లేదు. ఫిడిల్ అంటే వయొలినే, కాన్సర్టీనా అనే చేతిలో పట్టే చిన్న హార్మోనియం లాంటిది, టిన్ విజిల్ అనే రేకు పిల్లనగ్రోవి. డూలిన్‌వాడే అయిన మైకో రసెల్ అనే విజిల్ కళాకారుడి పేరు అక్కడ ఇప్పటికీ అందరికీ తెలుసు, 1994లో పోయారు. మామయ్య ఆరెంజ్ జ్యూస్ పట్టుకుని, ఫిడిల్ వాయించే అమ్మాయి విల్లు ఎలా పట్టిందో చూస్తూ తొడ మీద తాళం వేస్తూ పదకొండు దాకా కూర్చున్నారు. దూరంగా ఉన్న ఇల్లయితే ఆయన్ని ఆ తలుపు దాకా కూడా తీసుకెళ్లగలిగేవాళ్లం కాదు.

పడవ కోసం రెండు రోజులూ కాస్త ఖాళీగా ఉంచుకోండి. అది వెళ్లేది ఆరన్ దీవులకు, వాటిలో దగ్గరిది ఇనిషీర్. సముద్రం పొంగుగా ఉంటే ఆ రోజు పడవలు ఆపేస్తారు. మొదటి పొద్దున బాగుంటే అప్పుడే వెళ్లిపోండి, సముద్రం అంచున నిలువుగా ఉండే మొహర్ కొండలు రెండో రోజుకు పెట్టుకోండి. 214 మీటర్ల ఎత్తు దాకా లేచిన ఆ కొండల దగ్గరికి అదే 350 బస్సు వెళ్తుంది, డూలిన్ నుంచి ఎనిమిది కిలోమీటర్లే. ఒడ్డు వెంట నడిచే దారి ఒకటి ఉంది గానీ అందులో కొన్ని భాగాలు 2024లో ప్రమాదాల వల్ల మూసేశారు, పెద్దవాళ్లతో అసలు వద్దు. పడవ పది గంటల ప్రాంతంలో బయల్దేరితే బ్రేక్‌ఫాస్ట్ ఎనిమిదికే కావాలి. కొన్ని ఇళ్లలో ఎనిమిదిన్నరకు గానీ మొదలుపెట్టరు, అది కూడా ఫోన్‌లో అడిగేయండి. సముద్రం ఎలా ఉందో ఆప్ చూసేకన్నా పొద్దున టీ పోస్తున్న ఇంటావిడనే అడగండి. మాకు ఆవిడ కిటికీలోంచి ఒకసారి చూసి 'ఈరోజే వెళ్లండి, రేపు కదలదు' అంది. మర్నాడు నిజంగానే పడవలు ఆగిపోయాయి.

సెప్టెంబరంతా పక్కనే ఉన్న లిస్డూన్‌వార్నాలో పెళ్లి సంబంధాల జాతర జరుగుతుంది, శుక్ర, శని వారాల్లో చుట్టుపక్కల గదులన్నీ నిండిపోతాయి. వీలైతే మంగళ, బుధ వారాలు చూసుకోండి. శనివారమే కావాలంటే ఈ వారంలోనే ఫోన్ చేయండి, అదీ మధ్యాహ్నం రెండు తర్వాత. పొద్దున వాళ్లు వంటగదిలో ఉంటారు.