షెర్లాక్ హోమ్స్: ముందు కథలా, సీరియలా?

జెరెమీ బ్రెట్ నటించిన గ్రానడా టీవీ సీరియలూ, కానన్ డాయిల్ పుస్తకాలూ రెండూ చేతిలో ఉన్నాయి, ఏది ముందు అని అడిగారు. ముందు కథ చదవండి, ఆ తర్వాతే ఆ ఎపిసోడ్ చూడండి.

చాలామంది తికమకపడేది వరస దగ్గరే. హోమ్స్ కథల మొదటి సంపుటి 'అడ్వెంచర్స్' పుస్తకంలో 12 కథలు. 1891 జులై నుంచి 1892 జూన్ దాకా స్ట్రాండ్ పత్రికలో నెలకొకటి చొప్పున వచ్చాయి. అదే పేరుతో 1984-85లో వచ్చిన సీరియల్లో 13 ఎపిసోడ్లున్నా, ఈ పుస్తకంలోవి అయిదే. తర్వాతి సంపుటాలైన 'మెమొయిర్స్' నుంచి అయిదు, 'రిటర్న్' నుంచి మూడు కలిపారు. కాబట్టి ఎపిసోడ్ నంబరు పట్టుకుని పోవద్దు, కథ పేరు చూసి వెతుక్కోండి. ఇంకోటి, మొదటి కథ 'స్కాండల్ ఇన్ బొహీమియా' నాటికే హోమ్స్ మిత్రుడు వాట్సన్‌కి పెళ్లయి వేరే కాపురం. సీరియల్లో ఆయనకి పెళ్లే లేదు, బేకర్ స్ట్రీట్‌లో హోమ్స్ ఇంట్లోనే ఉంటాడు.

'రెడ్ హెడెడ్ లీగ్' మాత్రం చూడకముందే చదివి తీరాలి. తాకట్టు కొట్టు నడిపే విల్సన్‌ది ఎర్రజుట్టు. ఎర్రజుట్టు వాళ్లకోసమంటూ ప్రకటన ఇచ్చిన 'లీగ్' (సంఘం) వాళ్లు అతనికి వారానికి 4 పౌండ్లిచ్చి, రోజూ 10 నుంచి 2 దాకా ఎన్‌సైక్లోపీడియా చూసి రాయిస్తారు. హోమ్స్ ఆ కొట్టు ముందు చేతికర్రతో నేలను గట్టిగా తట్టి, తలుపు కొట్టి దారి అడుగుతాడు. అతను చూడాలనుకున్నది తలుపు తీసినవాడి మొహం కాదు, ప్యాంటు మోకాళ్లు! అక్కడ పుస్తకం మూసి కాసేపు ఆలోచించండి, ఆ ఆనందం వేరు. తేదీలు మాత్రం పట్టించుకోకండి: లీగ్ ప్రకటన వెలువడింది ఏప్రిల్ 27న, "రెండు నెలలైంది" అంటారు, లీగ్ మూతపడేది అక్టోబర్ 9న. పొరపాటు డాయిల్‌దే. సీరియల్లో ఈ కథలోని నేరం వెనక హోమ్స్ బద్ధశత్రువు మొరియార్టీని నిలబెట్టారు, కథలో అతని ఊసే లేదు. తర్వాతి ఎపిసోడ్ 'ఫైనల్ ప్రాబ్లమ్'కి దారి వేయడానికి చేసిన ఈ మార్పు నా దృష్టిలో మంచిదే. అసలు కథల్లో మొరియార్టీ ఉన్నట్టుండి ఊడిపడతాడు.

'మెమొయిర్స్'కి వచ్చాక 'కార్డ్‌బోర్డ్ బాక్స్' ఉందో లేదో చూసుకోండి. 1893 జనవరిలో స్ట్రాండ్‌లో వచ్చిన ఈ కథని బ్రిటన్‌లో పుస్తకంగా వేసినప్పుడు తీసేశారు. వాట్సన్ మనసులో మాటని హోమ్స్ చదివే దాని మొదటి ఘట్టాన్ని 'రెసిడెంట్ పేషెంట్'లో అతికించారు. అందుకే కొన్ని ముద్రణల్లో అదే ఘట్టం రెండుచోట్ల కనబడుతుంది. మీ ప్రతిలో ఆ కథ 'హిజ్ లాస్ట్ బౌ' అనే తర్వాతి సంపుటిలో ఉంటే, 'మెమొయిర్స్'లోని 'సిల్వర్ బ్లేజ్' అవగానే అక్కడికెళ్లి చదివేసి వెనక్కి రండి.