కట్టెల పొయ్యి పొగ లేకుండా, ప్రమాదం లేకుండా వాడాలంటే ఏం చేయాలి?

పొగ వస్తోందంటే ముందు కట్టెనే అనుమానించాలి. పచ్చి కట్టె మంటలో పెట్టగానే రెండో చివర నుంచి బుసబుసమంటూ నురగ కారుతుంది చూడండి, ఆ నీళ్లు ఆవిరయ్యేదాకా మంట వేడెక్కదు, సగం కాలిన వాయువులే పొగై కళ్లు మండిస్తాయి. తుమ్మో సరుగుడో చీల్చి, వాన తగలని చోట కనీసం ఆరు నెలలు ఆరబెట్టాలి. తేమ 20 శాతం లోపుంటే బాగా మండుతుంది. రెండు కట్టెలు కొట్టి చూస్తే ఠంగుమనాలి.

పొయ్యి నిండా కుక్కేస్తే గాలి ఆడదు. సన్నటి ముక్కలు రెండు మూడు పెట్టి, కాలేకొద్దీ లోపలికి జరుపుతూ, బూడిద ఎప్పటికప్పుడు లాగేస్తే ఊదుగొట్టంతో పని తగ్గుతుంది. వెలిగించడానికి కొబ్బరి పీచు చాలు, ప్లాస్టిక్ కవర్లు వద్దు. ఆరిపోయిందనుకున్న నిప్పు మీద కిరసనాయిలు అస్సలు పోయొద్దు, భగ్గుమంటుంది.

అసలు టెన్షన్ పడాల్సింది మాత్రం చలికాలంలో నిప్పుల కుంపటి పడగ్గదిలో పెట్టి తలుపులు మూసుకునేవాళ్ల గురించి. పొగ లేదు కదా అనుకుంటారు, కానీ నిప్పుల నుంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. తలనొప్పి, వాంతి వచ్చినట్టు అనిపిస్తే వెంటనే అందరినీ లేపి బయటికి వచ్చేయండి.