కొలతలను సున్నా చేయాలా, తీసివేసి చూడాలా?

ప్రశ్న: పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్‌లలోని దుకాణాలు వాడే బిల్లింగ్ అప్లికేషన్‌ను మేము నడుపుతున్నాం. సర్వర్ మా ఆఫీసులోనే ఉంది, డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. ఎన్ని బిల్లులు అయ్యాయి, ఎంత సమయం పట్టింది అన్న లెక్కలను, డేటాబేస్ గణాంకాలతో సహా, రోజూ రాత్రి 12 గంటలకు నివేదిక తీసుకొని రీసెట్ చేస్తున్నాం. కరెంటు పోయి సర్వర్ ఆగిన రోజు లెక్కలు దక్కడం లేదు. పైగా సంత రోజున బిల్లు ఆలస్యమవుతోందని దుకాణదారులు అంటుంటే, మా నివేదికలో సగటు బాగానే కనిపిస్తోంది. రీసెట్ ఎప్పుడు, ఎలా చేయాలి?
— ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: రోజువారీ రీసెట్‌ను మానేయండి. కరెంటు మీటరును నెలనెలా ఎవరూ సున్నా చేయరు. ఈ నెల రీడింగులోంచి పోయిన నెల రీడింగును తీసివేస్తారు. ఎన్ని బిల్లులు అయ్యాయో సాఫ్ట్‌వేర్‌లో లెక్కపెట్టే మీ కౌంటరును కూడా అలాగే పెరగనిచ్చి, నిమిషానికొకసారి దాని విలువను, సమయాన్ని వేరే యంత్రంలో భద్రపరచండి. చదవడానికీ సున్నా చేయడానికీ మధ్య పడిన బిల్లు ఏ రోజు లెక్కలోకీ రాదన్న చిక్కు దీనితో తప్పుతుంది. ఇద్దరు వేర్వేరు అవసరాలకు అవే అంకెలను చూస్తున్నప్పుడు ఒకరి రీసెట్ మరొకరి లెక్కను పాడుచేయదు.

కరెంటు పోయినప్పుడు జరిగేది ఇది: పోస్ట్‌గ్రెస్ సక్రమంగా ఆగితే గణాంకాలను దాచుకుంటుంది, హఠాత్తుగా ఆగితే మాత్రం తిరిగి కోలుకునేటప్పుడు వాటిని వదిలేసి సున్నా నుంచి మొదలుపెడుతుంది. అందుచేత కొత్త రీడింగు పాతదానికంటే తక్కువగా ఉంటే, మధ్యలో కౌంటరు సున్నా అయిందని గ్రహించి, తీసివేత చేయకుండా కొత్త విలువనే ఆ వ్యవధి పెరుగుదలగా తీసుకోవాలి. కొలతలను సేకరించి దాచే ప్రొమీథియస్ అనే సాఫ్ట్‌వేర్‌లోని రేట్ ఫంక్షన్ ఈ సవరణను తానే చేస్తుంది. అప్పుడు మీరు పోగొట్టుకునేది చివరి రీడింగు తర్వాత కరెంటు పోయేదాకా, అంటే ఒక నిమిషం లోపు లెక్క మాత్రమే.

పోస్ట్‌గ్రెస్ తన గణాంకాల కౌంటర్లను సున్నా చేసే ఆదేశమైన పీజీ_స్టాట్_రీసెట్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఏ పట్టికను ఎప్పుడు శుభ్రం చేయాలో ఆటోవాక్యూమ్ (పట్టికల్లోని పనికిరాని పాత వరుసలను తొలగించే పోస్ట్‌గ్రెస్ భాగం) నిర్ణయించుకునేది ఆ కౌంటర్లను చూసే కాబట్టి, వాటిని రాత్రిరాత్రికీ చెరిపేస్తే శుభ్రపరచే పని వెనకబడి, పట్టికలు ఉబ్బిపోవచ్చు. మీ సంతరోజు ఆలస్యానికి ఇదీ ఒక కారణమేమో పరిశీలించండి. కొత్త ఇండెక్స్ వేశాకో, కొత్త వెర్షన్ ఎక్కించాకో క్వెరీల (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నల) వేగాన్ని మొదటి నుంచి చూడాలనిపిస్తే, పాత విలువలను ఒక పట్టికలోకి నకలు తీసుకొని, పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్_రీసెట్‌ను మాత్రమే వాడండి. అది క్వెరీల గణాంకాలనే చెరుపుతుంది, ఆటోవాక్యూమ్ కౌంటర్ల జోలికి పోదు. పోస్ట్‌గ్రెస్ వెర్షన్ 14 నుంచి చివరి రీసెట్ సమయం పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్_ఇన్ఫోలో కనిపిస్తుంది. ప్రస్తుతం తెరిచి ఉన్న కనెక్షన్ల వంటి అప్పటికప్పటి విలువలకు రీసెట్ అక్కర్లేదు.

ఇక సగటు సంగతి. 99 బిల్లులు 0.1 సెకనులో పూర్తయి, ఒక్కటి 10 సెకన్లు పట్టినా, సగటు 0.2 సెకన్లకు లోపే ఉంటుంది. ఆ ఒక్క బిల్లు దగ్గర నిలబడిన కొనుగోలుదారుడు దానిలో కనిపించడు. అందువల్ల 0.5 సెకను లోపు, 1 సెకను లోపు, 5 సెకన్ల లోపు పూర్తయిన బిల్లులకు, మొత్తం బిల్లులకు వేర్వేరు కౌంటర్లు పెట్టండి. ఇవీ పెరిగేవే కాబట్టి, సంత రద్దీ మొదలైన వేళ రీడింగును ముగిసిన వేళ రీడింగులోంచి తీసివేసి, అలా వచ్చిన మొత్తం బిల్లుల్లోంచి 5 సెకన్ల లోపువాటిని తీసేస్తే, ఆ గంటల్లో 5 సెకన్లు దాటిన బిల్లులు ఎన్నో తేలుతుంది. ఆ అంకెను మామూలు రోజు అవే గంటలతో పోల్చండి.