చింతామణిలో సుబ్బిశెట్టి వేషం వేసినవాడిగా నా జవాబు

"చింతామణి నాటకంలో నిజంగా ఒక కులాన్ని అవమానించారా, లేక ఊరికే రాద్ధాంతం చేశారా?" అని అడిగారు. ఇరవై రెండేళ్ల వయసులో మా ఊరి పందిట్లో నేను సుబ్బిశెట్టి వేషం వేశాను. చింతామణి అనే వేశ్య వ్యామోహంలో పడే వైశ్య వ్యాపారి పాత్ర అది. అప్పుడు చూసింది చెబుతాను.

మాది గోదావరి జిల్లాలో ఒక పల్లె. శ్రీరామనవమికి ఏటా రెండు మూడు నాటకాలు ఆడేవాళ్లం. ఆ ఏడు చింతామణి అనుకున్నారు. చింతామణి, ఆమె తల్లి శ్రీహరి వేషాలకు పట్నం నుంచి ఆర్టిస్టులు వచ్చారు, హార్మోనిస్టు కూడా అక్కడివాడే. మిగతా వేషాలు మావి. నాకెవరూ పుస్తకం ఇవ్వలేదు. పక్కూళ్లో చాలా ఏళ్లుగా సుబ్బిశెట్టి వేస్తున్న పెద్దాయన దగ్గర విని నేర్చుకున్నాను. మొహానికి నల్లరంగు పూశారు, పంచె మోకాళ్ల పైకి కట్టారు, వంకరగా నడవమన్నారు. శ్రీహరితో ఉన్న సీను గంటకు పైగా నడిచింది. ప్రతి మాటకీ రెండర్థాలే. ఈలలు, వన్స్‌మోర్లు, చదివింపులు. నాకు ఒళ్లు తెలియలేదు.

మా ఊళ్లో కిరాణా కొట్టు ఒక్కటే. పందిరికి అందరికంటే ఎక్కువ చందా ఇచ్చింది ఆ కొట్టాయనే. నేను బాబాయిగారూ అని పిలిచేవాణ్ణి. ఆ రాత్రి కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని ముందు వరసలో ఉన్నారు. నా సీను సగానికి వచ్చేసరికి ఆ రెండు కుర్చీలూ ఖాళీ. రెండు రోజుల తర్వాత అమ్మ పంచదార తెమ్మంటే కొట్టుకి వెళ్లాను. పొట్లం కడుతూ, తలెత్తకుండా, "బాగా చేశావు బాబూ. మావాడే బడికి వెళ్లనంటున్నాడు. పిల్లలంతా సుబ్బిశెట్టీ అని పిలుస్తున్నారంట" అన్నారు. వాడికప్పుడు తొమ్మిదేళ్లు. నా నోట మాట రాలేదు.

జనం ఎందుకంత నవ్వారో తర్వాత చాలా రోజులు ఆలోచించాను. ఊళ్లో సగం మంది పేర్లు ఆయన ఖాతా పుస్తకంలో ఉన్నాయి. ఎరువుకీ, పెళ్లికీ, పండక్కీ అప్పు తెచ్చుకునేది అక్కడే. పగలు ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడేవాళ్లకి, రాత్రి స్టేజీ మీద ఆయన కులంవాడు నవ్వులపాలవుతుంటే కసి తీరినట్టుంటుంది. ఆ కసికి పనిముట్టుని నేనయ్యాను. ఇది చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఆ తర్వాత లైబ్రరీలో అసలు నాటకం దొరికితే చదివాను. రాసింది కాళ్లకూరి నారాయణరావు గారు. కట్నాల మీద వరవిక్రయం రాసింది కూడా ఆయనే. వేశ్యల వ్యామోహంలో పడి ఇళ్లు గుల్ల చేసుకుంటున్న మగవాళ్ల కోసం ఈ నాటకం రాశారు. అందులో చెడిపోయేది సుబ్బిశెట్టి ఒక్కడే కాదు. చదువుకున్న బ్రాహ్మణుడు బిల్వమంగళుడూ ఇంట్లో భార్యను వదిలేసి చింతామణి దగ్గరికే చేరతాడు. భవానీశంకరుడిదీ అదే దారి. మా ఊళ్లో నేను ఆ రాత్రి పేల్చిన మాటల్లో చాలా భాగం ఆ పుస్తకంలో లేవు. చేతులు మారుతూ, నోళ్లు మారుతూ, ఈల పడిన చోటల్లా ఒక మాట పెరుగుతూ వచ్చింది. అయితే పుస్తకంలో ఏ తప్పూ లేదని కూడా అనను. బిల్వమంగళుడు చివరికి భక్తుడవుతాడు, చింతామణీ మారుతుంది. శెట్టి మాత్రం నవ్వు పుట్టించడానికే మిగిలాడు. ఆ బీజం రచయిత వేసిందే.

2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ నాటక ప్రదర్శనను నిషేధించింది. ఆర్యవైశ్యులు ఎప్పటినుంచో అడుగుతున్నారు. "సరదాకి కూడా ఇంత గొడవా" అన్నవాళ్లతో నేను ఒప్పుకోను, ఆ తొమ్మిదేళ్ల పిల్లాడికి అది సరదా కాదు. కానీ మొత్తం నాటకాన్ని ఆపడం కూడా నాకు నచ్చలేదు. పద్యం పాడి పొట్ట పోసుకునే కళాకారుల మీద ఆ దెబ్బ పడుతుంది. చేర్చిన బూతు తీసేసి, పుస్తకంలో ఉన్నంతే ఆడమని గట్టిగా చెబితే సరిపోయేది.

ఇంకో మాట. ఈ గొడవలో చింతామణి పాత్ర గురించి అడిగినవాళ్లు నాకెవరూ కనిపించలేదు. చింతామణి లాంటివాళ్లు పుట్టిన కళావంతుల కులం ఆడవాళ్లు గుళ్లలో, సభల్లో ఆడి పాడినవాళ్లు, క్షేత్రయ్య పదాలను నోటికి నిలబెట్టినవాళ్లు. ఆడపిల్లల్ని గుడికి దేవదాసీగా అంకితం చేయడాన్ని 1947లో మద్రాసు ప్రభుత్వం చట్టంతో ఆపింది, ఆ పేరు పడిన కుటుంబాలను మాత్రం ఊళ్లు వదల్లేదు. మా నాటకానికి చింతామణిగా వచ్చిన ఆవిడ మేకప్ తీస్తూ నాతో అన్నమాట గుర్తుంది: "వేషం తీసేసినా నన్ను చింతామణి అనే పిలుస్తారండీ. ఇల్లు అద్దెకి అడిగితే మళ్లీ కనపడమంటారు." ఆవిడకి ఇద్దరు పిల్లలు. ఆ రాత్రి భోజనాలప్పుడు కూడా ఆ ఆర్టిస్టులకి విస్తళ్లు పందిరి వెనకే వేశారు. మేమెవరం అడ్డు చెప్పలేదు.

ఆ తర్వాత రెండుసార్లు వేరే ఊళ్లలో సుబ్బిశెట్టి వేశాను. రంగు పూసుకోలేదు, పుస్తకం దాటి ఒక్క మాట అనలేదు. సీను పావుగంటలో అయిపోయింది. వెనక నుంచి "అసలు మాటలు చెప్పరా" అని కేకలు వేశారు. మూడోసారి నాటకాలు కుదిర్చే కాంట్రాక్టరు ఆ వేషం వేరేవాడికి ఇచ్చాడు.