నొప్పి అని చెప్పడం కూడా నేర్పించు

హనుమకొండ

బిడ్డా,

నిన్న సాయంత్రం మీ అమ్మ ఫోను చేసి నీ ఆలోచన చెప్పింది. వచ్చే జూన్‌లో చిన్నదాని బడి మార్పించి, వారానికి ఆరు రోజులు బ్యాలే నేర్పిస్తావట. పన్నెండేళ్లు నిండేసరికి విదేశంలో ఏదైనా బ్యాలే బడికి పంపాలనుకుంటున్నావట. విని నేనెంత పొంగిపోయానో చెప్పలేను. మన ఇంట్లో ఆడపిల్ల నాట్యం గురించి ఇంత దూరం ఆలోచించిన తల్లి ఇంతవరకు లేదు. కానీ రాత్రి నిద్ర పట్టలేదు. పిల్లకు ఎనిమిదేళ్లు. నేను బతుకంతా ఎముకలు, కీళ్లు, కండరాల మధ్య గడిపినదాన్ని. ఫోనులో చెబితే "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. తీరిక చేసుకుని చదువు.

మీ మామయ్య మాటలు పట్టించుకోకు. మన కూచిపూడి, మన పేరిణి ఉండగా ఈ పరాయి నాట్యం ఎందుకని ఆయన కోపం. కాకతీయ గణపతిదేవుడి గజసాహిణి, అంటే ఏనుగుల దళపతి, జాయప సేనాని పదమూడో శతాబ్దంలో 'నృత్తరత్నావళి' రాసినప్పుడు, శాస్త్రం చెప్పిన మార్గ పద్ధతి దగ్గరే ఆగిపోలేదు. సగం గ్రంథం దేశి నృత్యాలకు, అంటే జనంలో వాడుకలో ఉన్నవాటికి, ఇచ్చాడు. రుక్మిణీదేవి అరుండేల్ కూడా ముందు నేర్చుకున్నది బ్యాలేనే, రష్యా బ్యాలే నర్తకి అన్నా పావ్‌లోవా బృందంలోని క్లియో నోర్డి దగ్గర. మన దేశపు నాట్యం వైపు ఆమె దృష్టి మళ్లించింది పావ్‌లోవాయే. ఆ తరువాతే భరతనాట్యం నేర్చుకుంది, 1936లో మద్రాసులో కళాక్షేత్రం నాట్య బడి పెట్టింది. ఒక నాట్యంలో కుదిరిన ఒళ్లు మరో నాట్యానికి పనికిరాకుండా పోదు. మీ మామయ్యకు ఈ సంగతి నేను చెబుతాను, నువ్వు వాదనకు దిగకు.

ఇక చిన్న చిన్న విషయాలు. బూట్లు పాదానికి సరిపోవాలి, పెరిగే పిల్ల కదా అని ఒక సైజు పెద్దవి కొనకు. క్లాసుకు పది నిమిషాలు ముందే పంపు. జ్వరం వచ్చిన రోజు మానిపించు. పరీక్షలు, సర్టిఫికెట్లు ఏడాదికి ఒకటి చాలు.

నేల సంగతి మాత్రం నువ్వే వెళ్లి చూడాలి. బ్యాలేలో గెంతులు ఎక్కువ. చెక్క నేల, దాని కింద కొంచెం స్ప్రింగులా ఒదిగే ఏర్పాటు ఉంటే దెబ్బలో కొంత అది మోస్తుంది. సిమెంటు మీద అతికించిన టైల్స్ అయితే ఆ భారమంతా పిల్ల కాళ్లదే. హాల్లోకి వెళ్లి మడమతో గట్టిగా కొట్టి చూడు, తెలిసిపోతుంది. మీ అపార్ట్‌మెంటులో గ్రానైట్ మీద సాక్సులతో గిరగిరా తిరగనివ్వకు.

వేళ్ల కొసల మీద నిలబెట్టే పాయింట్ బూట్ల కోసం తొందరపడకు, బతిమాలి చెబుతున్నాను. ముందు భాగంలో గుడ్డ, కాగితం, జిగురు పొరలు పొరలుగా పేర్చి గట్టిగా చేసిన బూట్లవి. ఒంటి బరువంతా ఆ కొస మీదికి వస్తుంది. మంచి టీచర్లు సాధారణంగా పదకొండు, పన్నెండేళ్ల లోపు వాటిని ఇవ్వరు. ఆ వయసు వచ్చాక కూడా, కొన్నేళ్లు క్రమంగా నేర్చుకుని పాదం, చీలమండ, నడుము బలపడ్డాయో లేదో చూసే ఇస్తారు. ఎదిగే పిల్లల పాదాల ఎముకల చివర ఇంకా మెత్తని భాగాలుంటాయి, అక్కడే ఎముక పెరుగుతుంది. పక్కింటి పిల్లకు ఇచ్చారు, మా పిల్లకు ఎందుకివ్వరని అడిగే తల్లివి కావద్దు.

పాదాలు బయటికి తిప్పి నిలబడటం మరొకటి. ఆ తిప్పడం తుంటి దగ్గర మొదలవ్వాలి. తుంటి తిరగనప్పుడు పిల్లలు పాదాన్ని నేలకు నొక్కిపెట్టి మిగిలినది మోకాలితో సర్దేస్తారు. అద్దంలో అందంగానే కనిపిస్తుంది, మోకాలు మాత్రం మెలిపడుతుంది. మోకాళ్లు పక్కలకు వంచి నిలబడే మన అరమండికీ ఇదే సూత్రం. మోకాలు వంచినప్పుడు అది పాదం వేళ్ల దిక్కుకే పోవాలి. ఇది నువ్వు కూడా ఇంట్లో గమనించవచ్చు.

ఇప్పుడు మీ అమ్మ నీకు ఎన్నడూ చెప్పని సంగతి చెబుతాను.

మేమిద్దరం చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకున్నామని నీకు తెలుసు. మీ అమ్మ నాకంటే చిన్నది, నాకంటే ఎన్నో రెట్లు బాగా చేసేది. అది గెంతి దిగితే గజ్జెలు మోగేవి తప్ప పాదం చప్పుడు వినిపించేది కాదు. ఒక ఏడాది ఊళ్లో పెద్ద సభ పెట్టారు. హైదరాబాద్ నుంచి గొప్పవాళ్లు వస్తున్నారని మాస్టారు మీ అమ్మ చేత తరంగం చేయించాలనుకున్నారు, ఇత్తడి పళ్లెం అంచుల మీద పాదాలు ఆనించి చేసేది. దానికి తగినంత సాధన అప్పటికి లేదు. సభ దగ్గర పడుతోందని పొద్దున, సాయంత్రం బండపరుపు మీద సాధన. ఒక సాయంత్రం పళ్లెం దిగుతుంటే కాలు బెణికింది. రాత్రికి చీలమండ గుండ్రంగా వాచింది.

అమ్మమ్మ పసుపు, సున్నం కలిపి పట్టు వేసి గుడ్డ కట్టింది. మరునాడు మాస్టారు వచ్చి, "నొప్పిగా ఉందా?" అని అడిగారు. అది లేదని తల ఊపింది. అప్పుడాయన అందరి ముందూ, "చూడండి, ఓర్చుకునే పిల్ల! కళ ఇలాంటి వాళ్లకే వస్తుంది" అన్నారు. తాతయ్య ముఖం వెలిగిపోయింది. ఆ పొగడ్త వింటున్నప్పుడు మీ అమ్మ ముఖం కూడా చూశాను. పన్నెండేళ్ల పిల్లకు అంతకంటే పెద్ద బహుమానం ఏముంటుంది? సభ రోజు వాపు మీదే గజ్జెలు బిగించారు. నవ్వుతూ చేసింది. చప్పట్లు చాలాసేపు మోగాయి. ఇంటికొచ్చి గజ్జెలు విప్పితే పట్టీ చుట్టూ చర్మం లోపలికి నొక్కుకుపోయి ఉంది.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలని ఎవరికీ తోచలేదు, అది నొప్పి అనలేదు కాబట్టి. కొన్నాళ్లకు అదే కాలు మళ్లీ బెణికింది. తరువాత మళ్లీ. ఇంటర్లో చేరాక నాట్యం మీద ఆసక్తి పోయిందని చెప్పి మానేసింది. ఇంట్లో అందరూ నమ్మారు. నేను ఫిజియోథెరపీ చదువుకున్నాక ఒక సెలవుల్లో ఆ చీలమండ పట్టుకుని చూశాను. బయటివైపు ఎముకలను కలిపి పట్టే లిగమెంటు వదులైపోయి, మడమ నా చేతిలో ఇటూ అటూ కదిలింది. "అదా, చిన్నప్పటిది" అని నవ్వింది. వేదిక మీద నేర్పిన నవ్వు అది.

ఆ కాలితోనే బళ్లో అన్నేళ్లు నిలబడి పాఠాలు చెప్పింది. నువ్వు పుట్టిన రోజు రాత్రి నొప్పులు మొదలైనా, ఇంట్లో చుట్టాలున్నారని తెల్లారేదాకా ఎవరినీ లేపలేదు. ఇప్పుడు మెట్లు దిగేటప్పుడు పక్కకు తిరిగి ఒక్కొక్క మెట్టే దిగుతుంది కదా, వయసు అనుకుంటున్నావు. అందులో వయసు కొంతే.

ఆ మాస్టారు చెడ్డవారు కారు. మాకు తాళం, చూపు, వినయం ఇచ్చింది ఆయనే. తాతయ్య కూడా మమ్మల్ని ప్రాణంగా పెంచాడు. కానీ ఆ రోజు ఇంత మంది పెద్దవాళ్లు కలిసి ఒక పిల్లకు, నొప్పి దాచుకుంటేనే మంచిదానివని నేర్పారు. బెణికిన కాలుకు మందుంది. ఆ నేర్పు దాని బతుకంతా వదల్లేదు. బ్యాలే కూడా నొప్పిని నవ్వుతో కప్పడం నేర్పే విద్యే. చూసేవాళ్లకు అంతా తేలిగ్గా కనిపించాలి, అదే అందులో గొప్పతనం. అందుకే నాకు భయం.

కాబట్టి ఈ పని నువ్వే చెయ్యాలి, టీచర్‌కు వదిలెయ్యకు. క్లాసు నుంచి వచ్చాక "బాగా చేశావా?" అని కాకుండా "ఎక్కడైనా నొప్పిగా ఉందా?" అని అడుగు. ఉంది అంటే కంగారు పడకు, కోప్పడకు, చెప్పినందుకు మెచ్చుకో. మరునాడు తొడలు, పిక్కలు రెండు వైపులా సలపడం మామూలే, కొద్ది రోజుల్లో తగ్గుతుంది. ఒక్క వేలితో చూపించగలిగే చోట నొప్పి, వాపు, కుంటడం, రాత్రి నిద్ర లేపే నొప్పి మామూలువి కావు. అలాంటప్పుడు ప్రదర్శన రేపే ఉన్నా ఆపించెయ్. ఆ రోజు ఎవరేమనుకున్నా నువ్వు పిల్ల వైపే నిలబడాలి. ఇంకొకటి, టీచర్లు చేతితో పట్టుకుని భంగిమ సరిచేస్తారు. అది తనకు నచ్చకపోతే వద్దని చెప్పవచ్చని చిన్నదానికి ముందే తెలియాలి. తలుపులు మూసి తల్లిదండ్రులను ఎప్పుడూ చూడనివ్వని చోటికి పంపకు.

తిండి గురించి చెప్పకుండా ఉండలేను. ఒంటికి అతుక్కునే బట్టలు, చుట్టూ అద్దాలు, పక్కన సన్నని పిల్లలు. ఇంకో మూడు నాలుగేళ్లలో అది తన పొట్టను అద్దంలో చూసుకోవడం మొదలుపెడుతుంది. ఎదిగే వయసులో పని ఎక్కువై తిండి తక్కువైతే నెలసరి ఆలస్యమవుతుంది, వచ్చినది ఆగిపోతుంది, ఎముకలు పలచబడి చిన్న దెబ్బకే చిట్లుతాయి. దాని ఎదుట నీ బరువు గురించి కూడా మాట్లాడకు. రొట్టె, పప్పు, గుడ్డు, పెరుగు కడుపునిండా పెట్టు. లావైపోతావని ఎవరైనా టీచర్ అంటే ఆ క్లాసు మాన్పించు, ఎంత పేరున్నవాళ్లైనా సరే.

ఇక దాని భవిష్యత్తు. ముంబయి వెల్డర్ కొడుకు అమీరుద్దీన్ షా 2017లో లండన్‌లోని రాయల్ బ్యాలే స్కూలుకు వెళ్లలేదా అని నువ్వు అడుగుతావు. వెళ్లాడు, చాలా సంతోషం. అతడు బ్యాలే మొదలుపెట్టింది మాత్రం ఎనిమిదేళ్లకు కాదు. మిస్టీ కోప్లాండ్ పదమూడేళ్లకు మొదలుపెట్టి, 2015లో అమెరికన్ బ్యాలే థియేటర్‌లో ప్రధాన నర్తకి అయింది. చిన్నదానికి ఆలస్యమేమీ కాలేదు. వారానికి రెండు మూడు రోజులు చాలు, బడి మార్చకు. పదకొండు, పన్నెండేళ్లకు అదే నోరు తెరిచి ఇంకా కావాలని అడిగితే అప్పుడు చూద్దాం, డబ్బు సాయం నేనూ చేస్తాను. దీనికి రెండో వైపు కూడా చెప్పాలి. పదో తరగతి రాగానే అన్నీ మాన్పించి హాస్టల్లో వేసే అలవాటు మన వరంగల్‌లో ఎంత ఉందో నాకు తెలుసు. అదీ చెయ్యకు. వారానికి ఒక్క రోజైనా సాగనివ్వు.

బ్యాలే నేర్చిన వాళ్లలో దాన్నే వృత్తి చేసుకునేవాళ్లు కొద్దిమందే. వాళ్లలోనూ చాలామంది నలభై లోపే వేదిక దిగుతారు. ఆడ్రీ హెప్బర్న్ లండన్‌లో మేరీ రాంబెర్ దగ్గర నేర్చుకుంది. ఎత్తు ఎక్కువ, దానికితోడు యుద్ధకాలంలో తిండి లేక ఒళ్లు బలహీనపడింది, గొప్ప నర్తకి కాలేవని తేల్చేశారు. అప్పుడు నటన వైపు వెళ్లింది. మలేషియా నుంచి ఇంగ్లండ్ వెళ్లి బ్యాలే నేర్చుకున్న మిషెల్ యో వెన్నెముక దెబ్బతో నాట్యం వదులుకుంది. ఆ తరువాత పోరాట సన్నివేశాలతో పేరు తెచ్చుకుని 2023లో ఆస్కార్ గెలిచింది. వాళ్ల ఒంట్లో మిగిలిన నేర్పు పోలేదు, ఇంకో పనిలోకి వెళ్లింది.

నా సంగతి కూడా అంతే. పక్షవాతం వచ్చి లేచినవాళ్లను నడిపించేటప్పుడు అందరూ వాళ్లు ఎత్తే కాలు చూస్తారు. నేను నేల మీద ఉన్న కాలు చూసేదాన్ని. బరువు ఆ కాలి మీదికి పూర్తిగా రాకపోతే ఈ కాలు లేవదు. మాస్టారు అడుగులు నేర్పేటప్పుడు కర్రతో మా పాదం తట్టి చూపించింది ఇదే. చదువులో ఆ పాఠం వచ్చినప్పుడు నా ఒంటికి అది ముందే తెలుసు. తప్పు చేశావంటే ఏడవకుండా మళ్లీ చేయడం, పదిమందితో ఒకే లెక్కలో అడుగు వేయడం కూడా అక్కడే అలవడ్డాయి. గిరగిరా తిరిగినా తల తిరగకుండా బ్యాలే పిల్లలు చూపును ఒకే చోట నిలిపి, తలను చివరిలో తిప్పుతారు. ఏళ్ల తరబడి సాధన చేసిన బ్యాలే నర్తకుల్లో, లోపలి చెవి నుంచి వచ్చే తిరుగుడు సంకేతాలకు మెదడు తక్కువగా స్పందిస్తుందని లండన్ ఇంపీరియల్ కాలేజీ వాళ్లు 2013లో చూపించారు. చిన్నది రేపు డాక్టరైనా, లెక్కల టీచరైనా, నీలాగా కంప్యూటర్ ముందు కూర్చున్నా ఇవన్నీ దాని వెంట వస్తాయి. మీ అమ్మ వెంట వచ్చినది మాత్రం దాని వెంట రాకూడదు.

దసరా సెలవులకు ఇద్దరూ రండి. చిన్నదాని తుంటి ఎంత తిరుగుతుందో, ఒంటికాలిపై ఎంతసేపు నిలబడుతుందో నేను చూస్తాను. ఒక రోజు రామప్పకు తీసుకెళ్లి మదనికలను చూపిద్దాం, ఆ బొమ్మల మోకాళ్లు ఎటు వంగాయో అదే చెప్పాలి. ఈసారి మీ అమ్మను కూడా బయలుదేరదీయి. నాతో పనిచేసిన ఎముకల డాక్టరుతో మాట్లాడి పెట్టాను, ఆ చీలమండకు ఎక్స్‌రే తీయించాలి. ఏమీ లేదని అంటుంది. నువ్వు వినిపించుకోకుండా టికెట్టు కొనెయ్.

నీ పెద్దమ్మ