కూషీయుడు, కూషి: రెండూ ఒకటేనా?

సందేహం: ఒక ఇజ్రాయెల్ కథను తెలుగు చేస్తున్నాను. అందులో బడిపిల్లవాడు ఇథియోపియా నుంచి వచ్చిన తోటిపిల్లవాణ్ణి 'కూషి' అంటాడు, గొడవవుతుంది. తెలుగు బైబిల్లో 'కూషీయుడు' గౌరవంగానే ఉంది కదా! అది తిట్టెలా అయింది? తెలుగులో ఏమని రాయాలి?

సమాధానం: రెండూ ఒకటే. కూష్ అంటే ఈజిప్టుకు దక్షిణాన, నైలు నది ఎగువన ఉన్న దేశం, ఇప్పటి సూడాన్ ప్రాంతం. మనం 'హైదరాబాదీ' అన్నట్టే ఆ దేశంవాడు 'కూషీ'. బైబిల్లోని ఎస్తేరు గ్రంథం మొదట్లోనే, పారసీక రాజు ఏలిన 127 సంస్థానాలు హిందూదేశం మొదలు కూషు దేశం వరకూ అని ఉంటుంది. ఒక కొసన మనం, మరో కొసన వాళ్లు. బురదగోతిలో దిగబడిన ప్రవక్త యిర్మీయాను తాళ్లు వేసి పైకి తీయించిన ఎబెద్మెలెకు కూషీయుడే. మోషే భార్య కూషు స్త్రీ అన్నచోట మధ్యయుగపు యూదు బైబిలు వ్యాఖ్యాత రాషీ, హీబ్రూలో ప్రతి అక్షరానికీ ఒక అంకె ఉంటుంది కనుక, ఆ మాటలోని అక్షరాల విలువా 'చూడ చక్కనిది' అనే హీబ్రూ మాటల విలువా 736 అని లెక్కగట్టి, అది ఆమె అందానికి పొగడ్త అన్నాడు.

అదే బైబిల్లో యిర్మీయా, కూషీయుడు తన చర్మం మార్చుకోగలడా అనీ అడుగుతాడు. దేశం పేరు ఒంటిరంగుకు గుర్తు కావడం అక్కడే కనిపిస్తుంది. తర్వాతి హీబ్రూలో ఏ దేశంవాడైనా నల్లగా ఉంటే కూషీయే. 20వ శతాబ్దంలో హీబ్రూ మళ్లీ వాడుకభాష అయ్యాక కూడా చాలాకాలం ఇది మామూలు మాటే. అయితే జర్మన్ కవి షిల్లర్ నాటకంలో 'మూర్' (ఆఫ్రికావాడు) గురించిన ఒక మాట హీబ్రూలో 'కూషి తన పని చేశాడు, కూషి ఇక పోవచ్చు' అనే నానుడిగా నిలిచింది. అవసరం తీరాక వదిలించుకోవడమని దాని భావం. నా మనసు ఇక్కడే ఆగిపోతుంది. తిట్టే ఉద్దేశం ఎవరికీ లేకున్నా మాటలోకి ఊడిగం వచ్చి చేరింది.

1984-85లోనూ, 1991 మేలోనూ ఇథియోపియా యూదులను విమానాల్లో ఇజ్రాయెల్‌కు తీసుకొచ్చారు. రెండోసారి 36 గంటల్లోనే 14 వేల పైచిలుకు మంది! ఆ మాట ఇక దూరదేశం వాళ్లది కాదు, పక్కబల్ల మీది పిల్లవాడికి తగిలేది. 'మేం చెడుగా అనలేదు' అనే పాతతరం వాళ్లు అక్కడా ఉన్నారు. నేనొప్పుకోను. ఎంత గుచ్చుకుందో చెప్పాల్సింది అనిపించుకున్నవాళ్లే. ఇప్పుడు మర్యాదగా మాట్లాడేవాళ్లు 'ఇథియోపియా సంతతివారు' అంటారు.

మామూలు మాట ఇలా తిట్టుగా దిగజారడాన్నే అర్థాపకర్ష అంటాం. వేదం చదివిన 'ఛాందసుడు' మనకేమయ్యాడో చూడండి. భర్త పోయిన 'విధవ' నుంచే 'వెధవ' అనే తిట్టు పుట్టిందంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ఇక మీ అనువాదం. 'కూషీయుడు' వద్దు, అందులో తిట్టు వినపడదు. 'నల్లనివాడు' అసలే వద్దు. పోతన గోపికలు కృష్ణుణ్ణి వెతుక్కుంటూ అన్న మాటది, మన చెవికి ముద్దుగా ఉంటుంది. 'నీగ్రో' అంటే అమెరికా గుర్తొస్తుంది. 'ఒరే కర్రోడా' అంటే మన పాఠకుడికి వెంటనే తగులుతుంది, మన బళ్లలోనూ వినేదే. కానీ కథంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంటే 'కూషి' అనే ఉంచండి. విన్న పిల్లవాడు తల దించుకోవడం కనిపిస్తే అర్థం దానంతటదే తెలుస్తుంది. కథకుడి వాక్యాల్లో మాత్రం 'ఇథియోపియా పిల్లవాడు' అనండి. అచ్చులో 'ఖుషీ' అని పడకుండా చూసుకోండి. అది సంతోషమనే పారసీ మాట, దీనికి చుట్టం కాదు.